తావ అన్న గొంతు

నిజాంపేట,
సోమవారం.

అమ్మణ్ణి పిన్నికి,

కవరు మీద నా చేతిరాత చూడగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను, ఇక్కడ ఎవరికీ ఒంట్లో బాగోలేక రాయడం లేదు. మీ అల్లుడు స్వామి బాగానే ఉన్నారు. రోజూ ఇంటికి రాగానే నిజాంపేట రోడ్డు ట్రాఫిక్‌ని తనివితీరా తిట్టిగానీ కాఫీ ముట్టుకోవడం లేదు. ఇది ఆయనకి చెప్పే విషయం కాదు. చెబితే రేపటికల్లా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. నా ఫోన్‌లో ఆఫీసు వాళ్ళ యాప్ ఒకటి ఉంది. అది మన మాటలు వినదు అని ఉద్యోగులందరికీ పంపిన కాగితం రాసింది నేనే, అందుకే నాకు దాని మీద నమ్మకం లేదు. పైగా కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరి ట్రంకు కాల్సూ కలిపీ కలిపీ ఫోనంటేనే మొహం మొత్తినదానివి నువ్వు. ఉత్తరమైతే నిదానంగా చదువుతావు.

నా ఉద్యోగం ఎథిక్స్ ఆఫీసులో అని చెబితే "అంటే హెడ్‌మాస్టరు పనా" అని నవ్వావు గుర్తుందా. అంతే అనుకో. లంచం తీసుకోకూడదు, కంపెనీ ఫైళ్ళు సొంత మెయిల్‌కి పంపుకోకూడదు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదు, ఇలాంటివన్నీ ఏడాదికోసారి కంప్యూటర్లో పాఠంలా చూపించి పరీక్ష పెడతాం. ఏ టీమ్‌లో అందరూ పాసైతే ఆ మేనేజరుకి వేదిక మీద షీల్డు. మూడేళ్ళుగా ఆ షీల్డు ఆదర్శ్ అనే మేనేజరుదే. మన భీమవరం వైపు అబ్బాయి, మాటకి ముందొక అండి, వెనకొక అండి. చూస్తే ఎవరికైనా నచ్చే మనిషి.

ఆయన టీమ్‌లో రసజ్ఞ అనే అమ్మాయి ఉంది. పిల్లాడికి జ్వరమొస్తే ఇంట్లో కూర్చుని పని పూర్తి చేద్దామని ఒక క్లయింటు ఫైలు తన సొంత మెయిల్‌కి పంపుకుంది. తప్పే. ఏమీ తెలియనివాళ్ళు చేస్తే హెచ్చరికతో పోయే తప్పు. కానీ రసజ్ఞ ఆ పాఠం చదివి పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నట్టు రికార్డులో ఉంది. తెలిసీ చేసింది కాబట్టి ఉద్యోగం తీసేయాలి అన్నారు. ఆ పిల్ల నా సీటు దగ్గరకొచ్చి, "మేడం, ఆ పరీక్ష నేనెప్పుడు రాశానండీ" అంది. ఆ మాట పైకి గట్టిగా అనొద్దని నేనే చెప్పాల్సి వచ్చింది. రాశానంటే తెలిసి చేసిన తప్పు. రాయలేదంటే పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇచ్చిన తప్పు. ఎటు తిరిగినా ఆమెదే తప్పయ్యేలా రాసుకున్నాం పిన్నీ మా రూల్సు.

ఇది జరుగుతుండగానే మా ఫిర్యాదుల నంబరుకి ఒక ఫోన్ వచ్చింది. పేరు చెప్పకుండా మాట్లాడొచ్చు, గొంతు ఎవరిదో తెలియకుండా మిషనే మార్చేస్తుంది. ఆడో మగో కూడా తెలియదు. తెలుగులో వచ్చినవి ఇంగ్లీషులోకి మార్చేది నేనే. ఆ గొంతు ఇలా అంది: "రసజ్ఞ ఆ పరీక్ష రాయలేదు. ఆదర్శ్ సార్ అందరి పాస్‌వర్డ్‌లూ తన తావే పెట్టుకోనుండాడు. ఒక మనిషిని కూర్చోబెట్టి అందరివీ రాయించినాడు. ఇప్పుడేమో చదివినావు కదా అని ఆ యమ్మను పంపించేస్తా ఉండారు. ఇది న్యాయమా?"

గొంతయితే మార్చారుగానీ యాసని ఏం చేస్తారు? తన తావ అంటే తన దగ్గర. మనవైపు ఎవరూ అనరు. మా ఫ్లోర్‌లో ఆ మాట అనేది ఒక్కడే, శ్రీనివాసులు. ఆదర్శ్ టీమ్‌లోనే కాంట్రాక్టు మీద పనిచేస్తాడు, కడప జిల్లా, మూసాపేటలో ఉంటాడు. ఒకసారి మీటింగులో "నా తావ ఛార్జర్ లేదు సార్" అన్నాడట. ఆ టీమ్‌లోనే హరిత అని ఒకమ్మాయి ఉంది, ఆదర్శ్‌కి కుడిభుజం, ఆఫీసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. ఆ అమ్మాయి నవ్వి "తావ శీను" అంది. అంతే, పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు సెక్యూరిటీ వాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. అతనూ నవ్వేస్తాడు పాపం.

మా పైఅధికారి రోహిత్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "ఉదయగారూ, మీరు యాసలు బాగా పట్టేస్తారు కదా. ఆ కాల్ చేసింది ఎవరో ఒక ఐడియా ఇవ్వండి. అతన్ని ప్రొటెక్ట్ చేయాలంటే ముందు ఎవరో తెలియాలి కదా" అన్నాడు. నోటితో చెప్పకపోతే అనువాదం కింద భాష గురించి ఒక నోట్ అయినా రాయమన్నాడు. రోహిత్, ఆదర్శ్ ఒకే కాలేజీ, ఒకే క్రికెట్ టీమ్. "యాసలో చెప్పుకోదగ్గ ప్రత్యేకత ఏమీ లేదు" అని రాసి ఇచ్చాను.

పదేళ్ళుగా, రికార్డులో అబద్ధం రాయకండి అని అందరికీ పాఠం చెబుతున్నదాన్ని. ఇప్పుడు నేనే రాశాను. అప్పటినుంచి అన్నం సహించడం లేదు. నువ్వైతే ఏం చేసేదానివి?

నీ ఉదయ.


కాకినాడ,
శుక్రవారం.

ఒసే ఉదయా,

నీ ఉత్తరం వచ్చేసరికి పెసరట్టు పెనం మీద ఉంది. అది మాడింది. నువ్వు చేసిన మొదటి నష్టం అది.

నేనైతే ఏం చేసేదాన్నని అడిగావు. ఎక్స్ఛేంజిలో ఎవరేం మాట్లాడుకున్నారని ఎవరు అడిగినా "లైన్‌లో ఒకటే గరగరండీ, ఏం వినపడలేదు" అనేదాన్ని. మా సూపర్‌వైజర్ అడిగినా అంతే, మీ బాబాయి అడిగినా అంతే. ఆయనకైతే నా చెవులు చెడిపోయాయేమోనని బెంగ.

అయితే ఒకటి చెబుతాను విను. ఓసారి ఒక ఆసామి ఎవరినో ఫోన్లో బెదిరించాడని పోలీసులు వచ్చి అడిగారు. ఆ గొంతు నాకు బాగా తెలుసనుకున్నాను. మసీదు వీధి బియ్యం కొట్టాయనది. రోజూ వినే గొంతాయె. చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగిపోయాను. తర్వాత తేలింది, మాట్లాడింది అతని తమ్ముడట. ఇద్దరి గొంతూ ఒక్కటే. అన్న ఆ వారమంతా ఊళ్ళోనే లేడు. ఆ రోజు నోరు తెరిచినందుకు ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మూసుకున్నందుకు కాదు.

నువ్వు విన్నది గొంతే. మనిషిని చూడలేదు. అది మర్చిపోకు.

వేళకి తిను. స్వామికి చెప్పకపోవడం మంచి పనే. నా ఆశీస్సులు.

అమ్మణ్ణి.


నిజాంపేట,
ఆదివారం.

పిన్నీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. బియ్యం కొట్టాయన సంగతి బాగానే ఉందిగానీ, ఇక్కడ తమ్ముడెవరూ లేడు. తావ అనేవాడు ఒక్కడే ఉన్నాడు. అందుకే నా భయం తగ్గలేదు, ఇంకో మెట్టు పెరిగింది.

ఆదర్శ్ మీద విచారణ బుధవారం. కమిటీలో ముగ్గురు: రోహిత్, హెచ్‌ఆర్ నుంచి ఒకాయన, బయటి నుంచి సరోజమ్మగారని ఒక లాయరు. ఆవిడ వరంగల్ మనిషి, నెరిసిన జుట్టు, నూలు చీర. ప్రతి కాగితాన్నీ రెండు వైపులా తిప్పి చూస్తారు. ఆవిడకి తెలుగు వచ్చు కాబట్టి ఒకరకంగా ధైర్యం, ఒకరకంగా భయం.

ఇప్పుడు ఆదర్శ్ ఏమంటున్నాడంటే, నా మీద ఏం చెప్పారో ఆ రికార్డింగ్ నాకు వినిపించాలి అని. నీతో నిజం చెప్పాలంటే, అతను అడిగినదాంట్లో తప్పు లేదు. ఎవరో చీకట్లోంచి ఒక మాట విసిరితే దానికి జవాబు చెప్పాల్సినవాడు ఆ మాట వినొద్దా? నా మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే నేనూ అదే అడుగుతాను. కానీ అతను వింటే, తావ అన్న మాట చెవిన పడ్డ క్షణంలోనే శ్రీనివాసులు పేరు తెలిసిపోతుంది. కాంట్రాక్టు మనిషిని తీసేయడానికి కారణం చూపక్కర్లేదు. అతన్ని పంపిన ఏజెన్సీకి ఒక్క మెయిల్ పెడితే చాలు, మర్నాడు గేటు దగ్గర కార్డు పనిచేయదు. రసజ్ఞకి న్యాయం చేయబోయి ఇతని పొట్ట కొట్టడమా? ఇతన్ని కాపాడటానికి ఆదర్శ్‌ని చెవులు మూసి నిలబెట్టడమా? రెండూ అన్యాయంగానే ఉన్నాయి. రాత్రి ఇదే ఆలోచిస్తూ పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. స్వామి వచ్చి స్టవ్ కట్టేసి, ఆఫీసులో ఏమైనా గొడవా అన్నారు. లేదన్నాను. అబద్ధాలు అలవాటైపోతున్నాయి.

మొన్న క్యాంటీన్‌లో శ్రీనివాసులు కనిపించాడు. ఆదర్శ్ అతని భుజం మీద చెయ్యేసి ఏదో అడుగుతున్నాడు, నవ్వుతూనే. శ్రీనివాసులు మాత్రం నవ్వడం లేదు, ఇడ్లీని చెంచాతో ముక్కలు చేస్తున్నాడు తప్ప తినడం లేదు. అది చూసినప్పటినుంచి నాకు ఒకటే అనుమానం. ఆ రికార్డింగ్ మా ఆఫీసు దాటి వెళ్ళిందా? వినడానికి అనుమతి ఉన్నవాళ్ళం ఇద్దరమే, నేనూ రోహిత్.

ఒక నిర్ణయానికి వచ్చాను. రికార్డింగ్ వేయొద్దని, అందులోని ప్రతి ఆరోపణా తెలుగులో నేనే చదివి వినిపిస్తానని సరోజమ్మగారికి రాసి పంపాను. ఆదర్శ్‌కి తెలియాల్సింది తన మీద వచ్చిన మాట, ఆ మాట అన్న గొంతు కాదు. ఆవిడ సరేనన్నారు. చదివేటప్పుడు నా భాషలో, మన గోదావరి మాటల్లో చదువుతాను. తావ వచ్చినచోట దగ్గర అంటాను. విషయంలో ఒక్క ముక్క మార్చను.

అది చేశాక నా ఉద్యోగం ఉంటుందో లేదో. దేవుడి దగ్గర దీపం పెట్టినప్పుడు మా అందరి పేర్లూ తలుచుకో. ఆదర్శ్ పేరు కూడా.

ఉదయ.


నిజాంపేట,
ఆ తర్వాతి శనివారం.

పిన్నీ,

అయిపోయింది. ఎలా అయిందో వరసగా రాస్తాను, మధ్యలో పెసరట్టు వేసుకోకు.

గదిలో బల్లకి అటువైపు కమిటీ ముగ్గురూ, ఇటువైపు ఆదర్శ్, పక్కన నేను. చదవడం మొదలుపెట్టాను. "ఆదర్శ్‌గారు అందరి పాస్‌వర్డ్‌లూ తన దగ్గరే పెట్టుకున్నారు..." అని నేను అనగానే ఆదర్శ్ నవ్వాడు. ఎప్పటి నవ్వే, మర్యాదగా.

"ఉదయగారూ, మార్చి చదివితే ఎలాగండీ. అక్కడ దగ్గర అని లేదు కదండీ, తావ అని కదా ఉంది" అన్నాడు.

నన్ను అబద్ధాలకోరుగా పట్టిచ్చేశానని అతని మొహంలో సంతోషం. సరోజమ్మగారు మాత్రం తిప్పుతున్న కాగితాన్ని కింద పెట్టి కళ్ళజోడు తీశారు.

"మీకెట్ల తెలుసు బాబూ?" అన్నారు. "ఫైల్ల ఇంగ్లీషే ఉన్నది. రికార్డింగ్ నేనే ఇంకా వినలే. మా దిక్కు తాన అంటం, ఈమె దగ్గర అని చదివింది. తావ అన్న మాట ఈ రూంల ఎవరు అనలే."

ఆదర్శ్ నోరు తెరిచి రోహిత్ వైపు చూశాడు. ఆ చూపు ఒక్కటి చాలింది. రోహిత్ గొంతు సవరించుకుని, "మేడం, ప్రాసెస్‌లో ఎక్కడో చిన్న..." అని ఏదో అనబోయాడు. "ప్రాసెస్ తర్వాత జూద్దాం. అది ఎవరి తాన ఉండె, ఎవరి తానకి పోయింది, గది చెప్పుండ్రి ముందు" అన్నారావిడ. హెచ్‌ఆర్ ఆయన తన సెల్‌ఫోన్‌ని బోర్లా పెట్టి, తిరగేసి, మళ్ళీ బోర్లా పెట్టాడు.

తర్వాత జరిగింది పెద్దగా చెప్పాల్సిన పని లేదు. టీమ్ అందరి పరీక్షలూ ఒకే కంప్యూటర్ నుంచి వెళ్ళినట్టు సిస్టమ్స్ వాళ్ళు సాయంత్రానికే తేల్చారు. రసజ్ఞని తీసేసే కాగితం ఆపేశారు, ఆమెకి హెచ్చరిక ఒక్కటే. రోహిత్‌ని సెలవు మీద పంపించారు. ఆదర్శ్ సంగతి పైవాళ్ళు తేలుస్తారట. వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర నాతో "షీల్డు కోసం కాదండీ, మా వాళ్ళు పరీక్షలకి కూర్చుంటే క్లయింటు పని ఆగిపోతుందని చేశానండీ" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. అందుకే మరీ బాధేసింది.

నన్ను కూడా వదల్లేదు సరోజమ్మగారు. "యాసల తేడా ఏం లేదని నోట్ రాసినవేంది, ఎరకలేకనా?" అని అడిగారు. తెలిసే రాశానన్నాను. "ఇగ చూడమ్మా. దాయాలనుకుంటే చెప్పను అని రాయాలె. లేదు అని రాయొద్దు. చెప్పను అన్నదానికి నేను నిలబడతా. లేదు అన్నదానికి ఎవ్వరు నిలబడరు" అన్నారు. నాకూ ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. చెబితే నమ్మవు, అది చేతికి అందాక అన్నం సహించింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కంప్యూటర్ శ్రీనివాసులుదని తేలడంతో, పరీక్షలన్నీ రాసిన మనిషిగా అతన్ని పిలిచి అడిగారు. మేనేజరు చెబితే చేశానని నిజం చెప్పాడు. అతని ఉద్యోగం మీద ఎవరూ చెయ్యి వేయకూడదని సరోజమ్మగారు రాతపూర్వకంగా పెట్టించారు. బయటికొచ్చాక నా సీటు దగ్గర నిలబడి, "మేడం, అందరూ నేనే ఫోన్ చేసినా అనుకుంటా ఉండారు. మీరూ అట్లే అనుకోనుంటారు. నేను చేయలేదు మేడం. నా తావ అంత ధైర్యం యాడుండాది" అన్నాడు.

పక్క కుర్చీ లాగి అతన్ని కూర్చోమన్నాను పిన్నీ. ఆదర్శ్ ఆ ఒక్క మాట విని శ్రీనివాసులే అనుకున్నాడు. నేనూ అదే మాట విని అదే అనుకున్నాను. అతను పట్టుకోవడానికి అనుకుంటే నేను కాపాడటానికి అనుకున్నాను, తేడా అంతే. యాస ఉన్నవాడు ఒక్కడే అని ఇద్దరం నమ్మాం. యాస దాచుకున్నవాళ్ళు ఉంటారని ఇద్దరికీ తట్టలేదు. నువ్వు రాసిన బియ్యం కొట్టాయన మాట అప్పుడు అర్థమైంది.

నిన్న లిఫ్టులు ఆగిపోతే మెట్లు దిగుతున్నాను. మా ఆఫీసులో ఇంటివాళ్ళతో మాట్లాడుకోవాలంటే అందరూ ఆ మెట్ల దగ్గరకే వెళ్తారు. కింది మలుపులో ఒకరు గోడకి ఆనుకుని కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నారు. "అమ్మా, మాత్రలు నీ తావే ఉండాయి గదమ్మా, దిండు కింద చూడు. ఉద్యోగం ఏమీ పోలేదు, నువ్వు ఏడవద్దు. భయమేసింది గానీ, ఆ యమ్మను అట్ల పంపించేస్తా ఉంటే చూస్తా ఎట్ల ఉండేది" అని. ఆఫీసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడని ఆ నోట ఇన్నేళ్ళలో ఒక్క తెలుగు ముక్క వినలేదు నేను. భయమేస్తే ఇంటి మాటే వస్తుంది కాబోలు మనిషికి.

నా చెప్పుల చప్పుడుకి తలెత్తింది. వెంటనే ఇంగ్లీషులోకి మారి, పైన సిగ్నల్ లేదని ఏదో అంది. నేను ఆగలేదు. "లిఫ్టులు ఇంకా బాగవలేదమ్మా, మెల్లగా దిగు" అని వచ్చేశాను. సోమవారం నుంచి శ్రీనివాసులుని శ్రీనివాసులు అనే పిలవాలని మాత్రం ఫ్లోర్‌లో చెప్పాలనుకున్నాను. ఈ రోజు పొద్దున తెలిసింది, నాకంటే ముందే ఎవరో చెప్పేశారట.

ఎవరని అడగకు. తెలియదు అని రాస్తే సరోజమ్మగారు ఒప్పుకోరు. తెలుసు, చెప్పను. నా మొదటి ఉత్తరం ఇంకా నీ తావే ఉంటే, మళ్ళీ చదవకుండా చించెయ్ పిన్నీ.

నీ
ఉదయశ్రీ.